పంచినఁ దఱుగని సొత్తు

అహోబిలమున నేఁటేఁటఁ గనుమనాఁడు పారువేట యారంభమగును. తన పెండ్లికిఁ బ్రజలను బిలుచుటకై నరసింహస్వామి పల్లకిలో 40 దినములు, 30కి పైగా గ్రామములఁ దిరుగునందురు. స్వామి యొకయూర విడిసియుండఁగాఁ బొరుగూరివా రసూయపడరు. తమ వంతు తప్పక వచ్చునని యెఱుఁగుదురు.

మన గృహములం దిట్టి నమ్మిక యేది? తండ్రి యక్కను మెచ్చుచుఁ జెల్లెలితో "నీవు దానివలె నుండవేమి?" యనును. ఆ రాత్రి చెల్లెలు కన్నీరు మ్రింగి పండుకొనును. మఱునాఁ డక్క పలక పగిలియుండును. పలక పగులఁగొట్టినదానిని దండింతుము. పోలిక తెచ్చినవానిని దండింపము.

తలిదండ్రులారా! బాలికలు గోరునది పెద్దభాగము గాదు, తప్పని వంతు. దినమున కొక గడియ యొక్కొక్కతెను విడిగాఁ జేరఁదీసి, యామె మాట వినుఁడు. ప్రేమ పంచినఁ దఱుగదు. తూచినచోనే తఱుఁగు పుట్టును.