కీ నిండా ఇయ్యి బిడ్డా

తాత వాచీ నీ చేతికొచ్చిన కాన్నుంచి నీకు దాని మీద ప్రేమ కన్న భయమే ఎక్కువైనట్టుంది. నాలుగు తిప్పులు తిప్పి చెయ్యి గుంజుకుంటున్నవట. "ఎక్కువ తిప్పితే స్ప్రింగు తెగుతది గద పెద్దబాపూ" అంటివి మొన్న ఫోన్ల. ఈ మాట మా చిన్నప్పటి సంది సిద్దిపేటల ఇంటింటా ఉన్నదే. వాచీ ఆగిందంటే చాలు, ముందుగాల పిల్లల మీద పడేటోళ్లు: "నువ్వే కీ ఎక్కువిచ్చినవ్!"

ఆ భయం ఊకెనే రాలేదు. అల్లునికి పెండ్లిల సైకిలు, రేడియో, వాచీ పెడితే ఊరంతా చెప్పుకునే కాలమది. బెంగుళూరుల జపాన్ సిటిజన్ కంపెనీ తోడుతోని తయారుచేసిన హెచ్‌ఎంటీ వాచీలు మొదటిసారి 1961ల నెహ్రూ చేతుల మీదుగ బయటికొచ్చినయి. నీ దగ్గరున్న జనత ఆ వంశందే. 2016 జనవరిల ఆ వాచీల కంపెనీని మూసెయ్యాలని కేంద్రం నిర్ణయించింది. అదే ఏడు దసరా నాడు మన సిద్దిపేట జిల్లా అయ్యింది. ఒక దిక్కు సంబురం, ఒక దిక్కు పాత వాచీలోళ్లకు దిగులు. ఇగ కొత్తది దొరకదనంగనే ఉన్నదాన్ని ముట్టుకునుడే తప్పన్నట్టు తయారైన్రు జనం.

లోపల ఏముందో చెప్త విను. చిన్న గుండ్రని డబ్బీల సన్నని ఉక్కుపట్టీ చుట్ట చుట్టుకోని ఉంటది. దాని ఒక కొస నడిమి ఇరుసుకు, ఇంకో కొస డబ్బీ గోడకు పట్టుకోని ఉంటది. నువ్వు కీ తిప్పుతుంటే పట్టీ గోడను ఇడిసి ఇరుసుకు చుట్టుకుంట పోతది. మొత్తం చుట్టుకున్నంక చుట్టనీకె ఇంకేం మిగలదు. కీ ఆగుతది. ఆ ఆగుడే హద్దు. మామూలుగ తిప్పే ఏలి బలానికి అది తెగదు. ఆగినంక కూడా పంతానికి పోయి మెలేస్తేనే ఏదన్న ఇరుగుతది.

మరి "కీ ఎక్కువై పట్టేసింది" అని ఎందుకంటరు? లోపల నూనె ఎండి, దుమ్ము పేరుకోని చక్రాలు కదలకుంట అయితయి. స్ప్రింగుల బలమున్నా అది చక్రాలను నడపలేదు. వాచీ ఆగుతది. చూస్తే కీ గట్టిగ ఉంటది. ఇగ నేరం కీ మీదికి, కీ ఇచ్చిన చెయ్యి మీదికి పోతది. నూనెను ఎవ్వరూ అనుమానించరు. పాతకాలం ఉక్కు స్ప్రింగులు తుప్పుకో, అలసటకో తెగిన మాట నిజమే. అట్ల తెగిందనుకో, అప్పుడు కీ ఎంత తిప్పినా ఆగనే ఆగదు. గుర్తు పెట్టుకో: ఆగితే స్ప్రింగు నిండినట్టు, ఆగకుంట తిరుగుతనే ఉంటే మెకానిక్‌కు చూపియ్యాలె. ఆటోమేటిక్ వాచీ సంగతి వేరు. అండ్ల నిండినంక పట్టీ జారేటట్టే చేస్తరు, ఆగుడు తెల్వది.

నిజంగ చెడుపు చేసేది నీ సగం సగం కీయే. ఆ జనత లోపలి బాలెన్సు చక్రం సెకనుకు అయిదు టిక్కులు, అంటే గంటకు 18,000 కొడుతది. స్ప్రింగుల బలం తక్కువైతే దాని ఊపు చిన్నదైతది, టైము తప్పుతది. నువ్వేమో వాచీ ముసలిదైందనుకుంటవు. నిండా ఇస్తే ఒక రోజు దాటినా నడుస్తది. అయినా రోజూ ఒక్క యాళ్లకే ఇయ్యి.

చేతికి పెట్టుకోని మాత్రం తిప్పకు. ఏలు కీని పక్కకు గుంజి లోపలి సన్నని కడ్డీ వంగుతది. తీసి, చేతిల పట్టుకోని, మెల్లగ తిప్పు. చిటచిటమనే చప్పుడు వినిపిస్తది. అది లోపలి పంటి చక్రాన్ని ఎనుకకు రాకుంట పట్టే కొక్కెం చప్పుడు. కీ బరువెక్కుతున్నదనిపిస్తే ఇంక కొంచెమే ఉన్నట్టు. ఆగంగనే ఏలు తియ్యి.

ఏండ్ల సంది సర్వీసింగ్ లేకుంట సందూకలున్న వాచీ అది. మంచి మెకానిక్ చేతికిచ్చి ఒక్కసారి ఇప్పించి, కడిగించి, కొత్త నూనె వేయించు. హైదరాబాదుల దొరకకుంటే ఇటు రా, 2023 సంది మనకు రైలుంది. ఆ పని అయ్యిందంటే ఇగ నీకు భయమెందుకు? పొద్దుగాల చాయ్ పొయ్యి మీద పెట్టి, అది మరిగేలోపల కీ ఆగిందాక ఇయ్యి.