ముసుగు, మాట

పెనుగొండ అనగానే చాలామందికి వాసవీ కన్యకాపరమేశ్వరి గుడి గుర్తొస్తుంది. నాకు మా అమ్మమ్మ ఉన్న పేట గుర్తొస్తుంది. రెండేళ్ల క్రితం అక్కడే, ఆమె జ్ఞాపకార్థ కూడికలో, నన్ను మాట్లాడనివ్వలేదు. నేను లేచి నిలబడగానే సంఘపెద్ద ఒకాయన బైబిలు తెరిచి, కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలన్న చోటు చదివారు. "వాక్యం చెప్తోందమ్మా, నేను కాదు" అన్నారు. కూర్చుండిపోయాను. అప్పట్నుంచీ ఒకటే ప్రశ్న. ఏది వాక్యం?

అమ్మమ్మకి చదవడం రాదు. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన బౌడెన్, బీర్ దంపతులతో మొదలైన గోదావరి డెల్టా మిషన్ తిరిగిన ప్రాంతం మాది. కూలికెళ్లే మా ఆడవాళ్లలో చాలామందికి బైబిలు చెవి ద్వారానే చేరింది. యోహాను సువార్త మొదలుని అమ్మమ్మ తన మాటల్లో చెప్పేది: "మొదట్లో మాటే ఉందే. ఆ మాటే మనిషై మన పేటకొచ్చింది."

'వచ్చింది.' తెలుగులో స్త్రీకీ అమహత్తుకీ ఏకవచనంలో క్రియ ఒకటే. అమ్మ వచ్చింది, మాట వచ్చింది. అచ్చయిన బైబిల్లో మాత్రం 'వాక్యము' రెండో వచనానికల్లా 'ఆయన' అవుతుంది. క్రీస్తు పురుషుడు, గ్రీకులో 'లోగోస్' పుంలింగం; తప్పనను. కానీ అమ్మమ్మ నోట ఆ వాక్యం కాసేపైనా మా క్రియతో నడిచింది.

యోహాను వాక్యమన్నది పుస్తకాన్ని కాదు, మనిషిని. అదే సువార్త ఐదో అధ్యాయంలో, లేఖనాల్ని వెతుకుతూ తన దగ్గరికి మాత్రం రానివాళ్లని క్రీస్తే నిలదీస్తాడు. ఆయన రాసినట్టు సువార్తల్లో కనిపించేది ఒక్క సందర్భంలోనే. ధర్మశాస్త్రం చూపించి ఒక స్త్రీని రాళ్లతో కొట్టడానికి తెచ్చినప్పుడు, నేలమీద వేలితో రాశాడు. ఏం రాశాడో ఎవరూ రాయలేదు. నాలుగో శతాబ్దపు సినాయిటికస్, వాటికనస్ ప్రతుల్లో అసలు ఆ కథే లేదు. అయినా జనం దాన్ని వదులుకోలేదు.

అయితే క్రీస్తు నాకు తెలిసింది కూడా పుస్తకం వల్లే కదా? నచ్చిన వచనాన్ని సజీవమనీ, నచ్చనిదాన్ని వట్టి అక్షరమనీ విడదీస్తే నేను చేసేదీ పెత్తనమే. అందుకే ఆ పత్రికనే మళ్లీ తెరిచాను. పద్నాలుగో అధ్యాయంలో మౌనం ఉంది. పదకొండులో, ప్రార్థించే, ప్రవచించే స్త్రీ తల కప్పుకోవాలని ఉంది. నోరు తెరవనిది ప్రవచించేదెలా? మౌనపు వచనాలు తర్వాత చేరాయని కొందరు పండితులంటారు. నేను ఆ వాదం చాటున దాక్కోను. రెండూ ఉన్నాయనే అనుకుందాం. మా సంఘం పదకొండు నుంచి ముసుగు తీసుకుంది, పద్నాలుగు నుంచి మౌనం తీసుకుంది. ఏ మాట కోసం ఆ ముసుగో, ఆ మాటను వదిలేసింది. అంటే ఎంపిక వాళ్లూ చేశారు. "వాక్యం చెప్తోంది" అనడంలో ఆ ఎంపిక కనిపించకుండా పోతుంది.

ఎంపిక తప్పనప్పుడు కొలత ఏమిటి? పుస్తకం సాక్షి అని నేననుకుంటాను. సాక్షి లేకుండా ఏదీ తెలియదు, కానీ సాక్షే తీర్పరి కాదు. ఆ సాక్షి చూపించే మనిషి ఎవరితో ఎలా నడుచుకున్నాడన్నదే నాకు కొలత. తాను లేచిన వార్త శిష్యులకు చెప్పమని ఆయన పంపింది మగ్దలేనే మరియని. ఇదే బైబిలు చదివే దక్షిణ ఇండియా సంఘంలో 2013లో ఎగ్గోని పుష్పలలిత తొలి మహిళా బిషప్ అయ్యారు, అదీ మన నంద్యాలలో.

కూడిక అయ్యాక వంటల దగ్గర, గిన్నెలు కడుగుతూ, పేట ఆడవాళ్లు "ఇప్పుడు చెప్పమ్మా" అన్నారు. అమ్మమ్మ చెప్పినట్టే చెప్పాను. ఒక ముసలామె అడ్డుపడింది: "సగమే చెప్పావు. మాట మన పేటకొచ్చి, ముందు మన గుమ్మంలోనే మంచినీళ్లడిగింది అనేది మీ అమ్మమ్మ."

ఆ ముక్క నేను మర్చిపోయాను. మళ్లీ మర్చిపోకుండా ఇక్కడ రాసి పెడుతున్నాను.