వారసులు లేని సమాధులు

నల్లగొండ, మహబూబ్‌నగర్ సీమలలో చెలక గట్టున, వేపచెట్టు నీడను, తాతకో ముత్తాతకో కట్టిన సమాధి కనబడుట వింత గాదు. దహనమే హిందువుల ఆచారమని పుస్తకములు చదివినవారు తలంతురు గాని, ఈ మెట్టసీమలో పెక్కు కులములవారు తమవారిని మట్టిలోనే పెట్టుదురు. లింగధారులు కూర్చుండబెట్టి పూడ్తురు. ఊరికొక బొందలగడ్డ ఉండనే ఉన్నది. కాలక్రమమున ఆ చెలక అమ్ముడుపోవును. దస్తావేజులో సర్వే నంబరు, నాలుగు హద్దులు, బావి, చెట్లు అన్నియు లెక్కకు వచ్చును. సమాధి మాట మాత్రము రాదు. కొన్నవాడు చదును చేయించుటకు జేసీబీని దింపిననాడు గాని, భూమితోపాటు పితామహుడును అమ్ముడుపోయెనా యను ప్రశ్న పుట్టదు.

శిక్షాస్మృతి 1860లోనే ఇటువంటి పనులను ఊహించినది. దాని 297వ సెక్షను, 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహితలో 301వది, ఒకరి మనస్సు నొప్పించు తలంపుతో గాని, ఒకరి మతమును అవమానించు తలంపుతో గాని, నొచ్చునని యెరిగియుండియు గాని, శ్మశానమున అక్రమముగా చొరబడినవానికి, శవమునకు అగౌరవము చేసినవానికి ఏడాది వరకు ఖైదో, జరిమానాయో, రెండునో విధించును. గుప్తనిధికై నడిరేయి గడ్డపారతో వచ్చినవాడు తనకు బంగారముపై ఆశయే గాని ఎవరిమీదను పగ లేదని తప్పించుకొనజాలడు; నొచ్చునని యెరిగియుండుట చాలును. మరణవిచారణకై మెజిస్ట్రేటు శవమును వెలికితీయించుట వేరు. అది చచ్చినవాని పక్షమున జరుగు త్రవ్వకము.

అయితే ఈ సెక్షనులో నొచ్చు మనస్సు బ్రతికియున్నవారిది. చచ్చినవాడు ఫిర్యాదియు గాడు, సాక్షియు గాడు. భర్త సమాధికడ నిత్యపూజ జరుగవలెనని ఆస్తి వ్రాసియిచ్చిన యొక వితంతువు వ్యాజ్యమున, అట్టి పూజకు శాస్త్రాధారము లేదు గనుక ఆ శాశ్వతదానము చెల్లదని 1953లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. సమాధికి ఆస్తి పెట్టరాదు, సమాధిని పెల్లగింపరాదు! ఇందు వైరుధ్యమున్నట్లు తోచును గాని, రెండింటను న్యాయస్థానము చూచునది జీవించియున్నవారి వైపే. వేదాంతియు దీనిని కాదనడు. విడిచిన దేహముతో ఆత్మకు పొత్తు లేదనియే గదా అతడు చెప్పునది.

మరి నొచ్చుటకు ఎవ్వరును మిగులని సమాధుల గతి యేమి? భువనగిరి చేరువను రాయగిరికడ గల రాతివలయములు ఇనుపయుగపువారి గోరీలు. కృష్ణయొడ్డున ఏలేశ్వరములోనివి నాగార్జునసాగరము నీట మునుగకముందే పురావస్తుశాఖవారు త్రవ్వి, కొలిచి, వ్రాసియుంచిరి. ఆ త్రవ్వకమును నేను తప్పు పట్టను. దొంగ త్రవ్వకమునకు అంతపాటి నెపమైనను లేదు. ఇట్టి గోరీలలో సాధారణముగా దొరకునవి నలుపు ఎరుపుల కుండలు, త్రుప్పుపట్టిన ఇనుప పనిముట్లు, ఎముకలు. ఆశాభంగముతో వాడు వానిని పగులగొట్టి పోవును. పట్టుబడినచో పురావస్తు చట్టములు వానిని అడుగునది వస్తువును గూర్చియే గాని మనుష్యుని గూర్చి కాదు.

చట్టము కంటె ముందు ఈ గోరీలను కాచినది రైతు భయము. వానికి రాకాసి గుళ్ళని పేరు పెట్టి, నాగలిని ప్రక్కకు త్రిప్పుకొనిపోయెను. యునెస్కో తాత్కాలిక జాబితాకు 2025లో ఎక్కిన ముడుమాలు నిలువురాళ్ళలో ఒకదానిని ఊరివారు ఎల్లమ్మగా కొలుతురు. భయభక్తులు చేసిన ఈ మేలును నేను చిన్నచూపు చూడను. కాని భూమిధర కోరినంత పలుకు కాలమున ఇవి యెన్నాళ్ళు నిలుచును?

పెత్తర అమావాస్యనాడు ఊరంతయు పెద్దల పేర బియ్యమిచ్చును. తర్పణము విడుచు ఇండ్లలో, పేరుపేరున తండ్రితాతలకు నీళ్ళు వదలిన పిమ్మట, తడిసిన జందెమును పిండి, ఆ చుక్కలను సంతానము లేక గతించిన గోత్రీకులకు విడుతురు. వారసుడు లేకపోవుటచే బాకీ తీరిపోదని మన శాస్త్రము ఇంత స్పష్టముగా చెప్పిన తావు నాకు వేరొకటి కనబడలేదు. అందు గోత్రము అడ్డమున్నదని కొందరనవచ్చును. రాయగిరి రాళ్ళక్రింద నున్నవారు మన గోత్రమువారు గారని ప్రమాణము చేసి చెప్పగలవాడెవ్వడు?