ఆదర్శ సమాజాల ఆయుర్దాయం

పందొమ్మిదో శతాబ్దపు అమెరికాలో వెలసిన ఆదర్శ సమాజాలను పరిశోధించేవారికి మొదట ఎదురయ్యే చిక్కు కొలబద్దను గురించినది. ఏ ప్రయోగం నెగ్గింది, ఏది ఓడింది అని తేల్చడం ఎట్లా? 1972లో సమాజ శాస్త్రజ్ఞురాలు రోజబెత్ మాస్ కాంటర్ అలాంటి 30 సమాజాలను పరిశీలించి, 25 ఏళ్లు నిలిచినదాన్ని విజయంగా లెక్కించారు. ఆ లెక్కకు 9 మాత్రమే నిలిచాయి.

లెక్క సులువైనదే. కాని ఆయుర్దాయం గుణమవుతుందా? అదే దేశంలో బానిస వ్యవస్థ రెండు శతాబ్దాలకు పైగా బతికింది. అంతమాత్రాన దాన్ని విజయమని ఎవరైనా అంటారా?

రాబర్ట్ ఓవెన్ 1825లో ఇండియానాలో న్యూహార్మొనీని ప్రారంభించాడు. రెండేళ్లకే అది చెదిరిపోయింది. వచ్చినవారినల్లా చేర్చుకున్నారనీ, పనితెలిసినవారు చాలలేదనీ, నిబంధనావళిని మాటిమాటికీ మార్చారనీ చరిత్రకారులు కారణాలు చెబుతారు. అవన్నీ నిజమే. ఐతే 1825 నాటి మొదటి నిబంధనావళిలోనే ఇంకొక మాట ఉంది: నల్లవారు తప్ప అందరూ సభ్యులు కావచ్చు, అవసరమైతే నల్లవారిని సహాయకులుగా తీసుకోవచ్చు! ఇక స్త్రీల సంగతి చూస్తే, సొంత ఇంటి చాకిరీకి తోడు సమష్టి చాకిరీ కూడా వారి నెత్తినే పడింది. ఈ లోపం రెండేళ్లలో కూలిపోవడం వల్ల వచ్చింది కాదు. పాతికేళ్లు బతికినా అది ఉండేదే.

దీర్ఘాయువు గల సమాజానికి ఒనైడా ఉదాహరణ. జాన్ హంఫ్రీ నోయిస్ 1848లో న్యూయార్క్ రాష్ట్రంలో దీన్ని స్థాపించాడు. సభ్యులకు సొంత ఆస్తి లేదు. జంతువులను పట్టే ఉచ్చులు తయారుచేసి అమ్మి సమాజం సంపన్నమైంది. 1870ల నాటికి అక్కడ సుమారు 200 మంది కూలికి పనిచేస్తున్నారు. లోపల సమష్టి ఆస్తి, బయటివారికి కూలి! 1881లో సమాజమే వాటాల కంపెనీగా మారిపోయింది. అంతకుముందే, 1870లో, నోయిస్ అమెరికా సోషలిస్టు ప్రయోగాల చరిత్రను రాశాడు. మెక్‌డొనాల్డ్ అనే స్కాట్లండు ముద్రాపకుడు ఊరూరా తిరిగి సేకరించి, అచ్చువేయకుండానే చనిపోగా మిగిలిన కాగితాలే దానికి ఆధారం. మతవిశ్వాసం లేనిదే సమష్టి జీవనం నిలవదని నోయిస్ తేల్చాడు. నెగ్గినవాడు ఓడినవారి చరిత్ర రాస్తే తీర్పు అట్లాగే ఉంటుంది.

ఇప్పుడు మసాచుసెట్స్‌లోని నార్తాంప్టన్ సమాజాన్ని చూద్దాం. 1842లో పుట్టి, అప్పులతో 1846లో అంతరించింది. పట్టు పరిశ్రమ దాని జీవనాధారం. బానిసత్వ నిర్మూలనవాదులు స్థాపించిన ఆ సమాజంలో నల్లవారు సహాయకులు కారు, సభ్యులు. బానిసగా పుట్టిన సోజర్నర్ ట్రూత్ అక్కడ ఉన్నది. అక్కడ తనకు రంగుభేదం కనిపించలేదని ఫ్రెడరిక్ డగ్లస్ తరువాత రాశాడు. ఐనా సోజర్నర్ ట్రూత్ చేతికి వచ్చిన పని బట్టలు ఉతికే విభాగమే. సమానత్వాన్ని ఒప్పుకున్నచోట కూడా పాత శ్రమవిభజన ఎంత మొండిగా వెంటవస్తుందో గమనించాలి.

పెట్టుబడిదారీ సముద్రంలో ఇటువంటి దీవులు మునగక తప్పదు గదా, ఇక చర్చ ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. ఊహా సోషలిజం పరిమితులను ఎంగెల్స్ 1880లోనే విశదం చేశాడు. ఓవెన్‌ను గౌరవిస్తూనే చేశాడు. సమాజాన్ని మార్చే శక్తి చరిత్ర గమనంలో ఉంది గాని, ఒక మేధావి గీసిన నమూనాలో లేదు. ఈ విమర్శ అవి ఎందుకు కూలాయో చెబుతుంది. నిలిచి ఉన్నన్నాళ్లు అవి ఎట్లా బతికాయన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. అది నీతికి సంబంధించిన ప్రశ్న. శాస్త్రీయ సోషలిజం పేరుతో దాన్ని దాటవేయడానికి వీల్లేదు.

తలుపు ఎవరికి మూశారు? బట్టలు ఎవరు ఉతికారు? కూలి ఎవరికి ఇచ్చారు? ఈ మూడు ప్రశ్నలతో కొలిస్తే నాలుగేళ్ల నార్తాంప్టన్ ముప్ఫై ఏళ్ల ఒనైడాకంటె మనకు ఎక్కువ నేర్పుతుంది. ఈ ప్రశ్నలు గతించిన సమాజాలకే పరిమితం కావు. రేపటి సమాజం కోసం నేడు పనిచేసే ప్రతి సంఘమూ, ముందుగా మన సంఘాలూ, వీటికి జవాబు చెప్పుకోవాలి.