గేరు ఉల్టా చేసే ముందు

అల్లుడా,

నీ ఆర్15 బండికి గేరు ఉల్టా పెట్టించుకుంటున్నవని మీ అమ్మ ఫోన్‌ల చెప్పింది. బండి వెనక్కి నడుస్తదేమోనని ఆమె భయం. అట్ల కాదని చెప్పి నిమ్మళపరిచిన. అక్కడిదాక బాగనే ఉన్నది గాని, నీతోని కూడ నాలుగు మాటలు చెప్పాలె.

నువ్వు కొత్త ముచ్చట అనుకుంటున్నవు గాని ఆ లెక్క మన ఇంట్ల పాతదే. మీ తాత బుల్లెట్‌కు ఒకటో గేరు పైకి, తక్కిన మూడు కిందికి. నీ బండికి కంపెనీ ఇచ్చిన ఒకటి కిందికి, తక్కినయి పైకి లెక్కను తిప్పి ఇప్పుడు నువ్వు జీపీ షిఫ్ట్ అంటున్నది అదే. కాకుంటే గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి ఉండేది. 1955ల మద్రాసుల ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైనప్పుడు ఇంగ్లండు బండ్ల పద్ధతే మనకు వచ్చింది. గేరు ఎడమకు, బ్రేకు కుడికి ఉండాలెనని అమెరికా వాళ్లు 1974ల నియమం పెట్టినంక కంపెనీలన్నీ మెల్లగ అటు తిరిగినయి. బుల్లెట్ మాత్రం మన దగ్గర ఇంకా చాన ఏండ్లు కుడి కాలితోనే నడిచింది. గేరు రాడ్డు ఎనుక మడిమెకు అందేటట్టు ఇంకో చిన్న రాడ్డు కూడ ఉండేది. రెండుల ఉన్నా నాలుగుల ఉన్నా దాన్ని ఒక్క తొక్కు తొక్కితే బండి న్యూట్రల్‌కు వచ్చి నిలబడేది. టవర్ సర్కిల్ కాడి రద్దీల ఆ సుఖం ఇప్పటి బండ్లకు లేదు, నువ్వు ఎంత చెప్పినా నేను ఒప్పుకోను.

ఆ బుల్లెట్ దిగి వేరే బండి ఎక్కినోళ్లు కొన్నాళ్లు బ్రేకు అనుకొని గేరు తొక్కేటోళ్లు. తెలివి లేక కాదు. భయపడ్డప్పుడు కాలు తలకాయను అడగదు, ఎన్నడో నేర్చుకున్నదే చేస్తది.

మీ బాపు స్ప్లెండర్ సంగతి చూడు. నువ్వు బండి నేర్చుకున్నది దాని మీదనే గద. అన్ని గేర్లు ముందుకే తొక్కుడు, తగ్గించాలంటే మడిమెతోని ఎనుక తొక్కుడు. కాలి చెప్పులతో పొలానికి పోయేటోనికి అంతకన్న మంచి ఏర్పాటు లేదు. చెప్పు వేసుకొని బొటనవేలితో రాడ్డు పైకి లేపాలంటే వేలు నొస్తది, చెప్పు జారుతది. కాబట్టి తొక్కితే గేరు పెరుగుడు నీ కాలికి కొత్తేం కాదు. నువ్వు తొందరగ అలవాటు పడతవన్న నమ్మకం నాకున్నది.

మరి రేసులోళ్లు ఎందుకు చేస్తరంటవా? ఎడమ మలుపుల బండి పూర్తిగ వంగినప్పుడు రాడ్డు కింద పాదం పెట్టేంత జాగ ఉండదు, బూటు రోడ్డుకు రాసుకుంటది. మలుపు దాటుతనే యాక్సిలరేటర్ ఇస్తరు, గేరు పెంచాలె. పై నుంచి తొక్కుడైతే బండి వంగి ఉన్నా పని అయితది. 2023 సెప్టెంబర్‌ల గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్‌ల మోటోజీపీ జరిగినప్పుడు నువ్వు టీవీ ముందర కూసొని చూసిన బండ్లల్ల చానవరకు ఇదే పద్ధతి. అక్కడ దానికి అర్థం ఉన్నది. కరీంనగర్ నుంచి జగిత్యాల దాక రోడ్డు మీద బండి అట్ల వంగేది ఎక్కడ? వంగితే మా అక్క ఇంట్ల కూసొని ఏడ్వాల్సిందే.

మన రోడ్డు మీద ఉండేటివి వేరే. యాసంగి కోతలైనంక రోడ్డు సగం దాక వడ్లు ఆరబోస్తరు, అంచుకు రాళ్లు పెడతరు. చీకటైతే ఆ రాళ్లు కండ్లకు కనపడయి. రాజీవ్ రహదారి మీద గ్రానైట్ బండలు మోసే లారీలు. ఆదిలాబాద్ దిక్కు పోతే పత్తి ట్రాక్టర్లు, అడ్డం వచ్చే ఎడ్లు.

గ్రానైట్ లారీని దాటుతున్నవనుకో, ఎదురుంగ బస్సు వస్తున్నది. నాలుగుల నుంచి అయిదుకు పోవాలె. పాత అలవాటుకు వేలు రాడ్డును పైకి లేపింది. ఉల్టా గేరు బండిల అది మూడు పడుతది. ఇంజన్ అరుస్తది, ఎనుక చక్రం గుంజుకపోతది. నీ బండిల స్లిప్పర్ క్లచ్ ఉన్నదంటవు. అది దెబ్బను తగ్గిస్తది గాని తప్పును దిద్దదు. ఇంకో తీరు తప్పు దీనికన్న మెత్తగ కనపడుతది గాని నాకు అదే ఎక్కువ భయం. నిర్మల్ దగ్గరి మహబూబ్ ఘాట్ దిగుతున్నవు, మూడుల నుంచి రెండుకు రావాలె. పాత లెక్కన కిందికి తొక్కుతవు, నాలుగు పడుతది. ఇంజన్ పట్టు వదులుతది, బండి తేలిపోయినట్టు ఉరుకుతది, బరువంత బ్రేకుల మీద పడుతది. ఘాట్ దిగుడు ఎట్లుంటదో 2018 సెప్టెంబర్‌ల కొండగట్టు ఘాట్ కాడ బస్సు ప్రమాదం జరిగినంక మన జిల్లాల ఎవరికీ చెప్పే పని లేదు.

అసలు చిక్కు ఇంకోటున్నది, మీ దోస్తులు ఎవరూ చెప్పరు. స్ప్లెండర్ ముందర నిలబడితే రెండు దిక్కుల రాడ్డు చూసి ఎవరికైనా తెలుస్తది ఎట్ల తొక్కాలెనో. నీ బండి గేరు తిప్పినంక చూడనీకి ఏమీ మారదు. పక్కింటి పోరని ఆర్15, నీ ఆర్15 ఒకటే లెక్క కనపడుతయి. నడిపేటోనికి మాత్రం ఉల్టా. సర్వీసింగ్‌కు ఇస్తే మెకానిక్ పిల్లగాడు ట్రయల్‌కు తీస్కపోతడు. మీ తమ్ముడు నువ్వు లేనప్పుడు తాళం తీస్కొని పెట్రోల్ బంక్‌కు పోతడు. వానికి చెప్పకపోతే వాని తప్పు కాదు, నీ తప్పు. తిప్పించిన నాడే ట్యాంక్ మీద, స్పీడోమీటర్ పక్కన, పెద్దగ స్టిక్కర్ అతికియ్యి: ఒకటి పైకి, అయిదు కిందికి. అందం పోతదని మొఖం ముడుచుకోకు.

ఇగ పని సంగతి. నీ బండికి గేరు పెడల్ నేరుగ ఇంజన్‌ల నుంచి రాదు. నడుమ ఒక సన్నని రాడ్డు, ఇంజన్ షాఫ్ట్ మీద ఒక చిన్న చెయ్యి ఉంటయి. ఆ చెయ్యి బోల్టు విప్పి, పండ్ల మీద నుంచి బయటికి గుంజి, ఉల్టా దిక్కు తిప్పి మళ్లీ ఎక్కిస్తరు. అరగంట పని. అందుకే అందరు తేలిక అనుకుంటరు. ఎక్కించేటప్పుడు ఒక్క పన్ను అటిటు అయినా పెడల్ మరీ ఎత్తుకో మరీ కిందికో పోతది, కాలికి అందదు. ఆ బోల్టు షాఫ్ట్ మీది గాడిల సరిగ్గ కూసోవాలె. సగం కూసుంటే కొన్నాళ్లకు వదులై పండ్లు అరుగుతయి. అప్పుడు నడి రోడ్డు మీద గేరే పడదు. బిగించినంక బండి స్టాండ్ మీద పెట్టి అన్ని గేర్లు పైకి కిందికి వేసి చూడు, రాడ్డు ఇంజన్ కేసుకు గాని సైడ్ స్టాండ్‌కు గాని తాకుతున్నదా అని. క్విక్ షిఫ్టర్ ఉంటే అది ఏ దిక్కు నొక్కుడుకు పనిచేస్తదో షోరూంల కనుక్కో. వారంటీ సంగతి కూడ అక్కడనే అడుగు, నోటి మాట కాదు, రాసి ఇయ్యమను.

నన్నడిగితే, ఊర్ల తిరిగే బండిని కంపెనీ ఇచ్చినట్టే ఉంచు. రేసు మోజు నిజంగ ఉంటే మద్రాసు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ ఉన్నది, కోయంబత్తూరుల కరి మోటార్ స్పీడ్‌వే ఉన్నది. అక్కడ నేర్పేటోళ్ల దగ్గర నాలుగు రోజులు నేర్చుకో, సగం ఖర్చు నేను పెడుత. బూట్లు, గ్లౌజులు కూడ కొనిస్త. అయినా తిప్పించుకుంటనే అంటవా, తిప్పించుకో. గాని బడి అయిపోయినంక తమ్మున్ని ఎనుక కూసోబెట్టుకొని పోకు కొన్నాళ్లు. అడ్తి వ్యాపారం లేని రోజుల్ల మార్కెట్ యార్డు ఖాళీగ ఉంటది, అడిగి పొద్దుగాల్నే అక్కడ తొక్కు. గేర్లు పెంచుడు కాదు, తగ్గించుడు నేర్చుకో. ఇంకొకని బండి మధ్యల ఎక్కకు, స్ప్లెండర్ తప్ప.

వచ్చే ఆదివారం కుంటాల జలపాతం పోదామని అన్నవట. తిప్పించిన వారంల ఆ దారి వద్దు. నా కారుల పోదాం, మీ అమ్మను కూడ తీస్కరా.

మీ మామ