బలానికో బ్రేకు

ఉన్న బలం చాలదని ఇంకొంచెం కోరుకోవడం తప్పా? డాలస్‌లో ఉన్న మా అక్క కొడుకు తన మస్టాంగ్ కారుకు సూపర్‌ఛార్జర్ పెట్టిస్తున్నాడట. కడపలో ఈ కబురు విన్న నాకు కమ్మరి కొలిమి గుర్తొచ్చింది. తిత్తి ఊదినట్టే అది ఇంజనులోకి గాలిని కుక్కుతుంది. గాలి పెరిగితే పెట్రోలు ఎక్కువ కాలి బలం పెరుగుతుంది. వేడీ పెరుగుతుంది. తమాషా ఏమిటంటే, దాన్ని తిప్పేదీ ఆ ఇంజనే!

ఆశను తప్పుపట్టను. రోలుండగా మిక్సీ కొన్నవాళ్ళమే కదా మనం! కానీ మిక్సీ చప్పుడు చేసిందే తప్ప దారినపోయేవాళ్ళకు ప్రాణభయం తేలేదు. కారు అలా కాదు. మన 1988 మోటారు వాహనాల చట్టం, 52వ సెక్షన్‌లో, సొంత బండినైనా ఇష్టమొచ్చినట్టు మార్చనివ్వదు. రోడ్డు అందరిదీ మరి!

బలానికి పోసే డబ్బులో బ్రేకులకెంత? మంచిచెడ్డలు అక్కడే తేలతాయంటాను.