యజమాని ధర్మము – సేవకుని తృప్తి

శ్రీవైష్ణవ సంప్రదాయమునందు భగవంతుడు శేషి, జీవుడు శేషభూతుడు. స్వామికి సేవ చేయుటయే జీవునకు స్వరూపము. ఈ మాట విని కొందరు యజమానులు, సేవకుడు మారుపలుకక పనిచేయవలెనను భాగమును మాత్రమే గ్రహింతురు. సేవకుని యోగక్షేమములు స్వామి భారమను రెండవ భాగమును మరతురు. నిజమునకు శేషి భగవంతుడొక్కడే. ధనముచే యజమానియైనవాడును ఆయన సేవకుడే.

శ్రీమద్రామాయణమున అయోధ్యాకాండము నూరవ సర్గను చూడుడు. చిత్రకూటమునకు వచ్చిన భరతుని శ్రీరాముడు, సైన్యమునకు గ్రాసమును, వేతనమును కాలము దప్పక ఇచ్చుచున్నావా యని అడిగెను. ఆలస్యమైనచో భృత్యులు ప్రభువుపై కినుక వహింతురనియు, అది గొప్ప అనర్థమనియు హెచ్చరించెను. రాజ్యమును విడిచి వల్కలములు ధరించినవాడు భటుల జీతమును మాత్రము మరువలేదు!

యుద్ధకాండము మొదటి సర్గలో సీతమ్మ జాడ తెలిపిన హనుమంతుని స్వామి అందరియెదుట కొనియాడి, తగిన బహుమానమీయజాలనని చింతించి, గాఢముగా కౌగిలించుకొనెను. జీతము సంసారమును నిలుపును. ఆదరణ మనస్సును నిలుపును. ఒకటి రెండవదానికి బదులు కాదు. తీయని మాటలతో జీతమును వాయిదా వేయుటయు, జీతము పారవేసి కసరుటయు రెండును అధర్మమే.

గోస్పాడు పొలమునుండి నంద్యాల మిల్లు దాటి మన పళ్లెములోనికి వచ్చు బియ్యపు గింజ వెనుక కూలీలు, హమాలీలు, గుమాస్తాలు ఎందరో కలరు. ఆళ్లగడ్డ శిల్పశాలలో ఉలి పట్టినవాని చెమటలోనుండియే మనము మ్రొక్కు మూర్తి వెలువడును. వీరి కూలిని నిలిపి, ఆ ధనముతో అన్నదానము చేసి శిలాఫలకముపై పేరు చెక్కించుకొన్నచో అది ఎవరి దానము? పనివాని సొమ్మునే గదా స్వామికి సమర్పించినది!

మన అహోబిలేశుని పారువేటను తలచుకొనుడు. కనుమనాడు బయలుదేరి, దాదాపు 40 దినములు, 30కి పైగా గ్రామములలో శ్రీ జ్వాలానరసింహస్వామియు, ప్రహ్లాదవరదస్వామియు పల్లకిలో సంచరింతురు. తన కల్యాణమునకు భక్తులను స్వయముగా పిలుచుటకే స్వామి ఇట్లు వచ్చునని పెద్దల మాట. బయలుదేరునపుడు చెంచులు పల్లకిపై బాణములు వేయు సంప్రదాయమును స్వామి ప్రీతితో స్వీకరించును. జగన్నాథుడే సేవకుల వాకిటికి రాగా, పనివాడు జబ్బుపడినపుడు వాని గుడిసెకు పోవుటకును, వాడు కోపముతో పలికిన మాటను ఓర్చుటకును మనకేల చిన్నతనము?

కావున యజమానులారా! రాబోవు పారువేటకు హారతి పళ్లెము పట్టుకొనుటకు ముందు జీతముల పుస్తకము తెరచి చూడుడు. బాకీయున్నచో తీర్చి, పిదప స్వామియెదుట నిలువుడు. అప్పుడు మీ వెనుక నిలిచిన పనివాడును నిండు మనస్సుతో "గోవిందా" యనును.